వెనక గది శ్లాబు

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

మిల్లు మూసేశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ మగ్గాల మోతకి నా రెండు చెవులూ ధారపోశాను. చివరికి గేటుకి ఒక కాగితం అంటించి చేతులు దులుపుకున్నారు. క్వార్టర్స్ ఆగస్టు ఆఖరుకల్లా ఖాళీ చెయ్యాలట. మీ బావ పోయాక ఈ ఒక్క గదే నాకు దిక్కు, ఇప్పుడు అదీ లేదు.

ఇక్కడ మార్కెట్ వెనక రెండు గదుల పాత ఇల్లొకటి అమ్మకానికుంది. కిటికీలోంచి వెలుతురు బాగా వస్తుంది. నాకు సరిపోతుంది. కానీ ఇంటాయన ఆగే రకం కాదు. అందుకని చెప్తున్నాను, అమ్మ మనిద్దరి పేరా రాసిన ఆ ఇల్లు అమ్మేద్దాం. నీ ఒక్కడికి మూడు గదులెందుకు, బొంగరం తిప్పుకోడానికా?

ఇందులో ఒక కాగితం పెట్టాను చూడు. న్యూస్ పేపర్లో వచ్చింది. "మీ ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా కొంటాం. రిపేర్లు అక్కర్లేదు. పదిహేను రోజుల్లో మొత్తం రొక్కం." మీ ఊళ్ళో కూడా కొంటాడట. ఇంతకంటే ఏం కావాలి?

ఫోన్లో మాట్లాడొచ్చు కదా అంటుంది మా అమ్మాయి. నాకు ఫోను చెయ్యడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. నీ డబ్బా ఫోన్లో చూస్తే తెలుగక్షరాలే రావు. మనకి ఉత్తరాలే గతి. వెంటనే రాయి. "ఆలోచిస్తాను" అని మాత్రం రాయకు.

అక్క


జూన్ 9

అక్కా,

మిల్లు సంగతి చదివాను. నువ్వు ఒక్కదానివీ ఎలా ఉన్నావో. అన్నం వేళకి తింటున్నావా?

ఇల్లు అమ్మడానికి నాకేం అడ్డం లేదు. నీకు నీడ కావాలి, అది ముందు. కానీ ఒక మాట చెప్పాలి. చెప్తే నవ్వుతావని తెలుసు.

వెనక గది దూలానికి పగులుంది. పగులు పెరుగుతోందా లేదా అని చూడ్డానికి మా మేస్త్రీలం ఒక పని చేస్తాం. సన్నటి గాజుబద్ద పగులుకి అడ్డంగా పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించి, మేకుతో తారీఖు గీస్తాం. దూలం కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా పుటుక్కుమంటుంది. పోయిన వానాకాలం మూడు అతికించాను. రెండు విరిగాయి. నేను వరండాలోకి మంచం మార్చుకుని ఏడాది కావస్తోంది. వెనక గదిలోకి ఏదైనా తెచ్చుకోడానికి వెళ్ళినా ఊపిరి బిగబట్టి వెళ్ళి, గబగబా బయటికొచ్చేస్తాను.

ఇలాంటి ఇల్లు ఎవరికైనా ఎలా అమ్మడం? కొన్నవాడు అందులో మనుషుల్ని పెడితే? దూలం, పైన శ్లాబు మొత్తం పడగొట్టి మళ్ళీ వేస్తే బాగుపడుతుంది. దానికి నాలుగు నెలలు పడుతుంది. ఆ ఇంటాయన నాలుగు నెలలు ఆగడా? కనుక్కుని రాయి.

నీ తమ్ముడు


జూన్ 14

గాభరా మేస్త్రీ గారికి,

నవ్వానురా. నవ్వకేం చెయ్యను?

నీకు ఏడేళ్ళప్పుడు బడి గోడ పడిపోతుందని ఊరంతా చెప్పి రెండు రోజులు బడి మాన్పించావు. ఆ గోడ ఇప్పటికీ ఉంది. నా పెళ్ళికి వెళ్ళే బస్సు టైరు అరిగిందని దారిలో దిగిపోయి నడిచొచ్చావు, తాళి కట్టడం అయిపోయాక. పిల్లనిస్తామని గుమ్మంలోకి వచ్చినవాళ్ళతో "ఇల్లు బాగాలేదండీ" అన్న పెళ్ళికొడుకు ఈ భూమ్మీద నువ్వొక్కడివే. నాన్నా పులి అని ఎన్నిసార్లు అరుస్తావు? ఆ గాజుముక్కలు దుమ్ము దులుపుతూ నువ్వే విరగ్గొట్టుంటావు.

నాలుగు నెలలు ఆగడం కుదరదు. అందాకా నేను బస్టాపులో కాపురం పెట్టనా? ఉన్నది ఉన్నట్టుగా కొంటానని ఆయనే అంటున్నాడు కదా. ఆయన అడగడు, నువ్వు చెప్పకు. పాతిల్లు కొనేవాళ్ళు ఎటూ పడగొట్టేసి కొత్తది కట్టుకుంటారు. మన పగులు సంగతి ఆయనకెందుకు, ఆయన సంగతి మనకెందుకు?

నేను రాలేను, మిల్లు వాళ్ళు ఇవ్వాల్సిన లెక్క తేలేదాకా రోజూ గేటు దగ్గర నిలబడాలి. నా తరఫున నువ్వే సంతకం పెట్టేలా పవరాఫ్ అటార్నీ రాయించి పంపుతున్నాను. నీ మీద నాకంత నమ్మకం. భయం మీద మాత్రం లేదు.

అక్క


జూన్ 27

అక్కా,

రొక్కమాయన వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. పక్కన గుమాస్తా. మొత్తం ఇంట్లో ఉన్నది టీ చల్లారేంతసేపు. గుమాస్తా టేపు పట్టి స్థలం కొలిచాడు. ఆయన వరండాలో నిలబడి వీధి ఎంత వెడల్పుందో చూశాడు, నీళ్ళెన్ని గంటలొస్తాయని అడిగాడు, అంతే.

వెనక గదిలోకి కూడా వచ్చాడు. సరిగ్గా దూలం కింద నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఒక్కసారి తల ఎత్తితే చాలు, గాజుబద్దలు కనపడతాయి. ఎత్తలేదు. "పైన కూడా ఒకసారి చూడండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "ఇవన్నీ ఎటూ తీసేసేవే కదండీ" అన్నాడు. తీసేస్తారా అని రెండుసార్లు అడిగాను. "చూద్దాం" అన్నాడు.

తీసేస్తానన్నాడా, చూద్దామన్నాడా? ఆ రెండింటి మధ్య నాకు అన్నం సహించడం లేదు.

ఆయన వెళ్ళాక పైకి చూశాను. మూడో గాజు కూడా విరిగింది. దానిమీద నేను దుమ్ము దులపలేదక్కా. దాని దరిదాపులకి కూడా నేను వెళ్ళను.

ఇంకొక్క నెల గడువడుగుదామా? కనీసం దూలం కిందికి జాకీలు పెట్టేదాకా?

తమ్ముడు


జూలై 4

తమ్ముడూ,

నెల గడువు, జాకీలు, గాజుముక్కలు. చదివాను. నాకొకటి అర్థమైంది. నీకు ఇల్లు వదలాలని లేదు. ఆ మాట సూటిగా చెప్పలేక దూలం మీద పెడుతున్నావు.

లేక వాటా సంగతా? ఇన్నేళ్ళూ ఇంటిని కనిపెట్టుకుని ఉన్నది నువ్వే, పన్ను కట్టింది నువ్వే, వెనక గది వేసిందీ నువ్వే. నీకెక్కువ రావాలనుంటే నోరు విప్పి అడుగు, ఇస్తాను. చెవిటిదాన్నే గానీ కళ్ళున్నాయి, చదువుకుంటాను. ఇలా నన్ను భయపెట్టి బేరమాడకు.

ఆ మార్కెట్ వెనక ఇంటికి అడ్వాన్సిచ్చేశాను. ఇప్పుడు నువ్వు సంతకం పెట్టకపోతే అదీ పోతుంది, ఇదీ పోతుంది.

అక్క


జూలై 11

అక్కా,

సంతకాలు పెట్టేశాను. నీదీ నాదీ.

నేను బేరమాడలేదు. నాకు ఎక్కువ వాటా వద్దు. నువ్వా మాట రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకునే రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళాను. "ఇంటి గురించి ఇంకేమైనా చెప్పేదుందా?" అని దస్తావేజు రాసేవాడు మాటవరసకి అడిగాడు. నీ కాగితం చేతికి తగిలింది. లేదన్నాను.

సామాను రెండు పెట్టెలే. ఊరి చివర కొత్తగా కడుతున్న అపార్టుమెంట్ల దగ్గర పని దొరికింది, పగలు తాపీ, మిగతా వేళ కాపలా. ఉండటానికి రేకుల షెడ్డు ఇచ్చారు. నీ డబ్బు నీ ఖాతాలో పడింది కదా, చూసుకుని ఒక ముక్క రాయి.

ఆయన తప్పకుండా పడగొడతాడు కదా?

తమ్ముడు


జూలై 19

నా బంగారు తమ్ముడూ,

డబ్బు పడింది. పాస్‌బుక్కు మూడుసార్లు ఎక్కించుకుని మూడుసార్లు చూసుకున్నాను, బ్యాంకువాళ్ళు విసుక్కునేదాకా. కొత్తింటి రిజిస్ట్రేషన్ ఆగస్టు ఆఖర్లో.

పోయినసారి నోరు జారాను. నోరు కాదులే, పెన్ను. ఇల్లు పోతుందన్న కంగారులో ఏం రాశానో నాకే తెలియదు. కోపం పెట్టుకోకు. మనకున్నది మనమిద్దరమే.

రొక్కమాయన గుమాస్తా, నా పెట్టెలో ఉన్న అమ్మ నాటి పన్ను రసీదుల కోసం నా దగ్గరికి వచ్చాడు. మంచివాడు. నాకు వినపడదని తెలిసి అన్నీ ఓపిగ్గా కాగితం మీద రాసి చూపించాడు. మాటల్లో మాటగా ఒక మంచి ఏర్పాటు కుదిరింది. ఇప్పుడే చెప్పను. చెప్తే నువ్వు దానికీ ఒక గాజుముక్క అతికిస్తావు. అంతా కుదురుకున్నాక చెప్తాను, నువ్వే సంబరపడతావు.

రేకుల షెడ్డులో ఎండ ఎక్కువా? పైన గోనెసంచులు తడిపి వెయ్యి.

అక్క


ఆగస్టు 2

అక్కా,

నువ్వన్న మంచి ఏర్పాటేమిటో ఊహించే ఓపిక కూడా లేకుండా ఉంది నాకు. విను.

ఇవాళ పని లేదని అటు వెళ్ళాను. పడగొట్టేవాళ్ళు ఉంటారనుకున్నాను. ఇంటికి కొత్త రంగు. లేతనీలం. గేటుకి కూడా వేశారు. ఎదురింటి టైలర్ని అడిగితే "నాలుగు రోజుల్లో సున్నం, పుట్టీ, రంగు అన్నీ కొట్టించాడయ్యా, అద్దెకిచ్చాడు, నిన్ననే దిగారు" అన్నాడు. వెనక గది కూడానా అన్నాను. పగుళ్ళన్నీ పూడ్చి అద్దంలా చేశారట.

పూడిస్తే ఏమవుతుంది? పుండు మీద పౌడరు అద్దినట్టు. లోపల కదిలేది కదులుతూనే ఉంటుంది, ఇప్పుడు పైకి కనపడదు.

ప్రహరీ పక్కనుంచి వెళ్ళాను. వెనకవైపు తీగ మీద చంటిపిల్ల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. చిన్నచిన్న చొక్కాలు, నా అరచేయంత. గేటుదాకా వెళ్ళాను. గడియ మీద చెయ్యి వేశాను. ఏమని చెప్పను? నేనే కట్టాను, నేనే అమ్మాను, ఇప్పుడు నేనే వచ్చి పారిపొమ్మంటున్నానని చెప్పనా? పైగా మబ్బు పట్టింది. వచ్చేశాను.

రేపు వెళ్ళి చెప్తాను. తప్పకుండా చెప్తాను.

తమ్ముడు


ఆగస్టు 8

పిచ్చి తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి పకపకా నవ్వాను. ఆ చంటిపిల్ల ఎవరనుకున్నావు? నా మనవరాలు! నీ మేనకోడలి కూతురు!

అల్లుడికి మీ ఊరి బస్సు డిపోకి బదిలీ అయింది. ఇల్లు దొరక్క అవస్థ పడుతున్నారు. గుమాస్తా వచ్చినప్పుడు "మీ ఎరుకలో ఏదైనా అద్దిల్లుందా?" అని అడిగితే "అమ్మా, మీరు అమ్మిన ఇల్లే అద్దెకిస్తున్నాం" అని రాసి చూపించాడు. ఎగిరి గంతేశాను. అమ్మినా మన పిల్ల మన ఇంట్లోనే ఉంటోంది. ఇంతకంటే అదృష్టం ఉంటుందా? నీకు ముందే చెప్తే చెడగొడతావని నేనే చెప్పొద్దన్నాను. మామయ్యని సర్దుకున్నాక భోజనానికి పిలవమన్నాను.

వెనక గదిలో గాలి బాగా వస్తుందని పాపని అక్కడే పడుకోబెడుతోందట. అమ్మాయి పుట్టింది కూడా ఆ గదిలోనే కదా. నువ్వు రెక్కలు ముక్కలు చేసుకుని నా పురిటికని వేసిన గది.

ఒరేయ్, ఒకటి మాత్రం చెప్తున్నాను. అక్కడికి వెళ్ళి దాన్ని హడలగొట్టకు. బాలింత.

అక్క


ఆగస్టు 14

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. పిల్ల క్షేమం. పాప క్షేమం. ఇద్దరూ ఇప్పుడు నా షెడ్డులోనే ఉన్నారు. ఇది ముందు రాస్తే గానీ మిగతాది నువ్వు చదవలేవు.

ఉత్తరం చదివి తాపీ అక్కడే పడేసి పరిగెత్తాను. అమ్మాయి నన్ను చూసి నవ్వింది. "వచ్చావా మామయ్యా, వస్తూనే పైకి చూస్తావని అమ్మ ముందే చెప్పింది." వెనక గదిలో శ్లాబుకున్న కొక్కేనికి గుడ్డ ఊయల కట్టి ఉంది. దూలానికి జానెడు దూరంలో. అందులో పాప నిద్రపోతోంది. పాపని బయటికి తెమ్మన్నాను. "కాసేపు కూర్చో, మంచినీళ్ళు తాగు" అంటుంది. నేను అరిచాను. నేను అరవడం అది ఎప్పుడైనా చూసిందా? ఏడుపు మొహం పెట్టింది. అల్లుడు నన్ను భుజం పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. వాళ్ళకి నేను పిచ్చివాణ్ణి. తెల్లగా మెరుస్తున్న దూలం మీద ఒక్క గీత లేదు.

మాటలతో పని కాదని సుత్తి తెచ్చాను. అల్లుడి పనిముట్ల సంచిలోదే. స్టూలెక్కి కొట్టాను. పుట్టీ, పూత, పెచ్చులు పెచ్చులుగా ఊడి అందరి నెత్తినా పడింది. లోపల చువ్వ కనపడింది. "నువ్వే పట్టుకు చూడు బాబూ" అన్నాను. అల్లుడు మెకానిక్కు, ఇనుము తెలిసినవాడు. వేళ్ళతో నలిపితే చువ్వ పొరలు పొరలుగా రాలింది. వెంటనే ఊయలతో సహా పాపని తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇరవై నాలుగేళ్ళుగా మింగలేక కక్కలేక ఉన్నాను. నువ్వు ఏడో నెలలో ఉత్తరం రాశావు, "గది తయారైతేనే వస్తాను, లేకపోతే ఇక్కడే ఏ ఆస్పత్రిలోనో పడి ఉంటాను" అని. శ్లాబు వేశాక కింద దాన్ని మోసే సెంట్రింగు చెక్కలు మూడు వారాలుంచాలి. వానలు. సిమెంటు ఆరలేదు. నువ్వు బయల్దేరానని కబురొచ్చింది. ఎనిమిదో రోజున సెంట్రింగు ఊడదీశాను. దూలంలోంచి చిన్న చప్పుడొచ్చింది. వేలితో తడిమితే వెంట్రుకంత గీత. సిమెంటు పాలు పూసి, సున్నం కొట్టి, మర్నాడు నీకు మంచం వేశాను. ఆ గీతలోంచే ఇన్నేళ్ళూ నీళ్ళు దిగి చువ్వని తినేశాయి.

నేను గాభరా మనిషినని నవ్వుతారు కదా అందరూ. ఆ గదిలో నువ్వూ పసిబిడ్డా పడుకున్న మూడు నెలలూ నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. నీకు తోడనుకున్నావు.

ఇంకొకటి కూడా చెప్పాలి. రెండో తారీఖున "రేపు వెళ్ళి చెప్తాను" అని రాశాను. వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. పదకొండు రోజులు. ఆ గుడ్డలు ఎవరి పిల్లవో తెలియనంతసేపు రేపు రేపు అన్నాను. మన పిల్లవని తెలిశాక కాళ్ళకి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. అందుకు సిగ్గుగా ఉంది.

తమ్ముడు


ఆగస్టు 20

తమ్ముడూ,

నాలుగుసార్లు చదివాను. పాప నెత్తిమీద... వద్దు, రాయలేను. రాస్తేనే భయంగా ఉంది.

సెంట్రింగు సంగతి మీద నిన్ను తిట్టాలో ఏం చెయ్యాలో తెలియడం లేదు. గది తయారుండాలని మంకుపట్టు పట్టింది నేనే. పద్ధెనిమిదేళ్ళ కుర్రాడివి నువ్వు. అక్కడితో ఆ మాట వదిలేద్దాం.

అయిందేదో అయింది. మన పిల్ల బయటపడింది, అది చాలు. ఇల్లు నచ్చలేదని అల్లుడి చేత తాళాలు తిరిగి ఇప్పించెయ్యి. నువ్వు మాత్రం రొక్కమాయన దగ్గర నోరెత్తకు. తెలిసి దాచి అమ్మారని డబ్బు వెనక్కిమ్మంటాడు, కోర్టంటాడు, పోలీసులంటాడు. నేను ముప్ఫయ్యో తారీఖున రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాను. ఈ వయసులో, ఈ చెవులతో, నన్ను ఎవరు పనిలో పెట్టుకుంటారు? ఎక్కడికి పోను?

నీకు దణ్ణం పెడతాను. ఇన్నేళ్ళు నోరు మూసుకున్నావు, ఇంకొక్క పది రోజులు మూసుకో. ఆ తర్వాత నువ్వు చెప్పినా నేనేమీ అనను.

అక్క


ఆగస్టు 26

అక్కా,

నీ ఉత్తరం చేరేసరికే ఆలస్యమైంది. ముందే చేరినా నేను ఆగేవాణ్ణో లేదో తెలియదు.

అల్లుడు తాళాలిచ్చిన మూడో రోజుకే దూలానికి మళ్ళీ పూత పూసి, మళ్ళీ రంగు వేసి "అద్దెకు ఇవ్వబడును" అని బోర్డు కట్టారు. నిన్న పొద్దున అటు వెళ్ళాను. ఒకావిడ ముగ్గురు పిల్లలతో ఇల్లు చూస్తోంది. పెద్దపిల్ల గదులు పంచుతోంది. "వెనక గది మా ముగ్గురిదీ" అని గేటు దాకా వినపడింది.

ఈసారి కూడా నా కాళ్ళు వెనక్కే తిరిగాయక్కా. నాలుగడుగులు వేశాను. నీ ఇల్లు గుర్తొచ్చింది, జైలు గుర్తొచ్చింది. మళ్ళీ ఆ పిల్ల గొంతు వినపడింది. అంతే, లోపలికి వెళ్ళి ఆవిడకి చెప్పాను. "అమ్మా, ఈ గది నేను కట్టాను. ఇది పడిపోతుంది. దీనికింద పిల్లల్ని పడుకోబెట్టకండి." గుమాస్తా అక్కడే ఉన్నాడు. నన్ను గేటు బయటికి నెట్టాడు. ఆవిడ పిల్లల చేతులు పట్టుకుని నా వెనకే వచ్చేసింది. థాంక్స్ చెప్పలేదు. నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూసింది.

అక్కణ్ణుంచి తిన్నగా మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి రాసిచ్చాను. ఏ రోజు శ్లాబు వేశాను, ఏ రోజు సెంట్రింగు తీశాను, తెలిసీ ఎలా అమ్మాను, అంతా. అది చదువుతున్న ఇంజనీరు మధ్యలో ఆగి నా మొహం చూశాడు. సాయంత్రానికి ఇంటికి సీలు వేశారు.

రొక్కమాయన మెత్తటి మాట పోయింది. "ఉన్నది ఉన్నట్టుగా అన్నాను గానీ, లేనిది ఉన్నట్టుగా అనలేదు" అంటున్నాడు. పది రోజుల్లో డబ్బు మొత్తం వెనక్కివ్వాలట, లేకపోతే మోసం కేసు. మీరూ పగులు పూడ్చి అద్దెకిచ్చారు కదా అంటే నవ్వాడు. నా వాటా నేనిచ్చేశాను. నీ వాటా నీ చేతిలో ఉంది. ఇక్కడ పని కూడా పోయింది, ఎనిమిదో రోజున సెంట్రింగు తీసే మేస్త్రీని ఎవరు పెట్టుకుంటారు? అల్లుడికి డిపో దగ్గర గది దొరికింది, నన్ను కూడా రమ్మంటున్నారు.

నీకు నీడ లేకుండా చేసింది నేనే. నువ్వేమన్నా పడతాను. ఒక్కటే, నేను బేరమాడానని మాత్రం అనకు.

తమ్ముడు


సెప్టెంబరు 3

తమ్ముడూ,

నిన్ను తిడుతూ నాలుగు కాగితాలు రాశాను. తోడబుట్టినదాన్ని నడివీధిలో నిలబెట్టావన్నాను, ఊళ్ళోవాళ్ళ పిల్లలు నీకు నాకంటే ఎక్కువయ్యారా అన్నాను. అంటించి పోస్టుడబ్బా దాకా తీసుకెళ్ళాను కూడా.

దారిలో మార్కెట్ వెనక ఇంటి దగ్గరికి వెళ్ళాను. నేను కొనబోయిన ఇల్లు. నీ ఉత్తరం సరిగ్గా ముప్ఫయ్యో తారీఖు పొద్దున అందింది, రిజిస్ట్రేషన్ వాయిదా వేయించాను. ఇంటాయన తాళం తీసి, రండి అని చెయ్యి చూపించాడు. గుమ్మంలో ఆగిపోయాను. పైకి చూశాను. రంగు కొత్తగా ఉంది. ఎవరు కట్టారో, ఎన్నాళ్ళుంచారో, ఏం పూసి దాచారో నాకేం తెలుసు? నాలాంటిదే ఇంకొకతె "ఆవిడ అడగదు, నువ్వు చెప్పకు" అని వాళ్ళ తమ్ముడికి రాసుంటే? కాలు లోపలికి పడలేదురా. ఆయన రండి రండి అంటూనే ఉన్నాడు, పెదాలు కదులుతున్నాయి.

ఆ నాలుగు కాగితాలూ అక్కడే చింపేశాను. అడ్వాన్సు తిరిగివ్వనన్నాడు, పొమ్మన్నాను. నా వాటా ఇవాళ పొద్దున రొక్కమాయన ఖాతాకి పంపేశాను, రసీదు ఇందులో పెట్టాను, జాగ్రత్త చెయ్యి. చెప్పొద్దని నీకు చెప్పింది నేనేనని ఒక కాగితం రాసి దాంతోపాటే పెట్టాను. కేసంటూ పెడితే నువ్వొక్కడివే బోనెక్కడానికి వీల్లేదు.

గడువు దాటినా బతిమాలి మూడు రోజులున్నాను, ఇక్కడ ఇవ్వాళ్టితో ఖాళీ. క్వార్టర్స్‌లో దీపాలన్నీ తీసేశారు, నేనే ఆఖరిదాన్ని. భయంగా ఉందిరా. రేపేమిటో తెలియదు. ఇన్నాళ్ళూ భయం నీదనీ ధైర్యం నాదనీ అనుకుంటూ బతికేశాను.

శనివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. అమ్మాయి గది ఎంతుంటే అంతలోనే సర్దుకుందాం, నలుగురం, పాపతో అయిదుగురం. బస్టాండుకి రా. వెనక నుంచి పిలవకు, నాకు వినపడదు. ఎదురుగా వచ్చి నిలబడు.

అక్క